ఒరిజినల్ జవాను

కృష్ణానగర్‌లో నీలమ్మను ఎరగనివాళ్లు తక్కువ. ముప్పై ఏళ్లుగా జూనియర్ ఆర్టిస్టు. పెళ్లి సీనులో అక్షింతలు వేస్తుంది, పంచాయతీ సీనులో ముక్కున వేలేసుకుంటుంది. కానీ ఆమెకు పేరొచ్చింది మాత్రం ఏడుపుతోనే. గ్లిజరిన్ చుక్క లేకుండా, అడిగినప్పుడల్లా ఏడ్చి పెడుతుంది. అందుకే సరిహద్దులో కొడుకు పోయిన తల్లి వేషం ఎక్కడున్నా కబురు ఆమెకే వస్తుంది. అలా ఆమె పద్నాలుగు మంది జవాన్లను కన్నది, పద్నాలుగు మందినీ పోగొట్టుకున్నది. సొంత పిల్లలు లేరు.

ఉన్నదల్లా చెల్లెలి కొడుకు సృజన్. ఇరవై ఏళ్లవాడు. ఇంటర్ రెండేళ్లూ నీలమ్మ గదిలోనే ఉండి చదివాడు. పోయిన ఏడు మిలిట్రీకి ఎంపికైతే జనగామ పక్కన వాళ్ల ఊళ్లో నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు. ట్రైనింగు అయ్యాక మొదటి సెలవుకు వచ్చినవాడు ఊళ్లో రెండు రోజులుండి, మూడోనాడు బ్యాగు భుజాన వేసుకుని పెద్దమ్మ గదికి వచ్చేశాడు.

పొద్దున లేవగానే వాడు దుప్పటి మడత పెట్టిన తీరు చూసి నీలమ్మ బుగ్గ నొక్కుకుంది. "దుప్పటి పెట్టినవా, ఇటుక పెట్టినవా బిడ్డా? గోడ కట్టుకోవచ్చు దీంతోని."

వాడు నవ్వాననిపించాడు. పక్కన కూల్‌డ్రింకు సీసా ఉంది. అందులో ఉన్నది కూల్‌డ్రింకు ఒక్కటే కాదని నీలమ్మ ముక్కుకు తెలుసు. పొద్దున ఎనిమిదింటికే ఇదేందని మనసులో అనుకుంది కానీ, పైకి మాత్రం, "మిలిట్రీకి పోయినోడు తాగకుంటే సర్కారు నౌకరి తీసేస్తదా ఏంది?" అని ఊరుకుంది. ఏ విషయాన్నయినా ఎగతాళిలో చుట్టి పక్కన పెట్టడం ఆమె అలవాటు. వాడు తన జర్కిన్ వాచ్‌మన్‌కి ఇచ్చేసినప్పుడూ, చెవుల్లో పెట్టుకునే పాటల మిషను పక్కగది పిల్లకి ఇచ్చేసినప్పుడూ అంతే. "మా కర్ణుడొచ్చిండు, అడగండ్రి" అని వాడకట్టంతా చెప్పుకుని మురిసింది.

ఆ మర్నాడు జూనియర్ ఆర్టిస్టులను సప్లై చేసే వీరరాఘవయ్య రొప్పుకుంటూ వచ్చాడు. ఫిలింనగర్‌లో ట్రైనింగు క్యాంపు సెట్టు వేశారట. "నలభై మంది కుర్రాళ్లని పట్టుకొచ్చానమ్మా. కుడికాలేదో ఎడమకాలేదో ఒక్కడికీ తెలీదు. మీవాడు ఒరిజినల్ జవాను కదా, ఒక్కరోజు పంపించండి. అక్కడే ఒక సీనులో మీకూ వేషం ఉంది."

సెట్లో సృజన్ మనిషే మారిపోయాడు. నడుం నిటారుగా పెట్టి, గొంతు పెంచి, నలభై మందినీ గంటలో ఒక దారిలోకి తెచ్చాడు. ఒక్కడు మాత్రం లొంగలేదు. వాడు డాన్సర్, నడుం ఊపకుండా కవాతు చేయడం వాడి వల్ల కాలేదు. పదకొండింటికి హీరో వచ్చాడు. ఆయన అడుగు వేస్తే గొడుగు పట్టుకున్నవాడు పక్కనే పరిగెత్తుతున్నాడు. "నువ్వు గూడ ఎడమకాలు ముందు పెట్టన్నా, లైన్ ఖరాబైతుంది" అని సృజన్ గొడుగువాడికి చెప్పేసరికి సెట్టంతా నవ్వింది. సృజన్ కూడా పకపకా నవ్వాడు. నీలమ్మకు ప్రాణం లేచొచ్చింది.

భోజనాలకు ముందే ఆమె సీను తీశారు. జెండా కప్పిన పెట్టె. దాని మీద పడి నీలమ్మ ఏడిస్తే లైట్లబ్బాయిలు కూడా ముక్కు చీదుకున్నారు. ఒకే టేకులో ఓకే అయింది.

టార్పాలిన్ నీడలో ఇద్దరూ పళ్లేలు పట్టుకుని కూర్చున్నారు. సృజన్ పెరుగన్నం కలుపుతూ, "పెద్దమ్మా, నేను పోతే గూడ గిట్లనే ఏడుస్తవా? ఒకటే టేకుల?" అన్నాడు.

నాలుక చివర జవాబు సిద్ధంగానే ఉంది. నువ్వు పోతే డబుల్ కాల్షీటు పైసలు కావాలె కొడుకా అని. అది పెదవి దాటబోతుండగా వాడి మణికట్టు కనిపించింది. గడియారం లేదు.

"వాచీ ఏది?"

"ఆ డాన్స్ పిలగానికిచ్చిన. నాకేం పని దానితోని."

నీలమ్మ పళ్లెం కింద పెట్టింది. జర్కిన్, పాటల మిషను, కూల్‌డ్రింకు సీసా, అన్నీ ఒక్కసారి కళ్లముందు వరసగా నిలబడ్డాయి.

"సృజన్, సూటిగ అడుగుత, సూటిగ చెప్పు. సచ్చిపోవాలని అనుకుంటున్నవా?"

ఎగతాళి ఎక్కడైనా ఉందేమోనని వాడు ఆమె ముఖమంతా వెతికాడు. లేదు.

"రోజు అనిపిస్తది పెద్దమ్మా," అన్నాడు.

తర్వాత కాస్త కాస్తగా చెప్పాడు. ట్రైనింగులో పక్క మంచం రాఘవేంద్రది, కర్నూలు వైపు పిల్లవాడు. పరుగులో ఎప్పుడూ ఆఖరున వచ్చేవాడు. అందరూ తాబేలనేవాళ్లు. ఆ పేరు పెట్టింది సృజనే. ఒక ఆదివారం రాఘవేంద్ర ప్రాణం తీసుకున్నాడు. మర్నాడు అతని మంచం తీసేసి, మిగతావాటిని దగ్గరికి జరిపారు. పరేడ్ మామూలుగానే జరిగింది. ఆ వారం నుంచే నిద్రపట్టక సృజన్ మందు మొదలుపెట్టాడు.

"అందరికన్న ఎక్కువ నవ్వింది నేనే పెద్దమ్మా."

"ఎవరికన్న చెప్పినవా?"

"చెప్తే అన్‌ఫిట్ అని ఇంటికి తోలుతరు. ఊర్ల ఫ్లెక్సీ ఇంక దించనే లేదు."

ఎవరికి పుట్టిన కొడుకు కోసమో పావుగంట క్రితం గుండెలు బాదుకున్న మనిషికి ఇప్పుడు కంట చుక్క రాలేదు. చేయి కడుక్కుని వాడి చేయి పట్టుకుంది. "లెవ్. ఎర్రగడ్డ దవాఖానకు పోదాం."

"నాకేం పిచ్చి లేదు."

"పిచ్చోళ్లంత గీడ ఫిలింనగర్‌లనే ఉన్నరు. గాడ మనసు బాగలేనోళ్లకు డాక్టర్లున్నరు. ఒక్కనివే మోసింది చాలు, లెవ్."

వీరరాఘవయ్య అడ్డుపడ్డాడు. "క్లోజప్పుందమ్మా, ఎక్కడికి?"

"ఎర్రగడ్డకు."

"అయితే నన్ను కూడా తీసుకెళ్లండి," అని నవ్వబోయి, ఇద్దరి ముఖాలూ చూసి ఆగిపోయాడు. డ్రైవర్ని పిలిచి కారు తలుపు తనే తీశాడు. "క్లోజప్ రేపైనా పెట్టుకోవచ్చు. వెళ్లండి."

ఆస్పత్రిలో డ్యూటీలో ఉన్న హిమజ అనే డాక్టరమ్మ చిన్న వయసుదే. ఆమె ఏమడిగినా సృజన్ అటెన్షన్‌లో నిలబడి "ఎస్ మేడమ్" అంటున్నాడు. "కూర్చో నాన్నా, ఇక్కడ పరేడ్ లేదు," అంది. ఎంత తాగుతున్నాడో, ఆలోచనలు ఎప్పుడు వస్తాయో, ప్రాణం తీసుకోవడానికి ఏమైనా సిద్ధం చేసుకున్నాడో, అన్నీ తడుముకోకుండా అడిగింది. నీలమ్మ భయపడినట్టు ఆ ప్రశ్నలకు వాడు ఇంకా కుంగిపోలేదు. బిగదీసిన భుజాలు సడలాయి. తాగుడు ఒక్కసారిగా మానేస్తే ఒంటికి ప్రమాదమనీ, ఒంటరిగా ఉండకూడదనీ చెప్పి డాక్టరమ్మ వాడిని చేర్చుకుంది.

మిలిట్రీలో వాడి యూనిట్‌కు చెప్పాల్సిందే అని ఆమె అన్నప్పుడు మాత్రం వాడు నంబరు తీసి ఫోను పెద్దమ్మ చేతిలో పెట్టేశాడు. ఫోను నీలమ్మే చేసింది. వాడి పైఅధికారి సుబేదారుతో తన హైదరాబాదీ హిందీలో ఉన్నదున్నట్టు చెప్పేసి, చీవాట్ల కోసం కాచుకుని కూర్చుంది. "అచ్ఛా కియా, అమ్మా," అని మెచ్చుకున్నాడాయన. పిల్లవాడికి ఫోనివ్వమన్నాడు. ఏం చెప్పాడో ఏమో, వాడు గోడవైపు తిరిగి చాలాసేపు ఏడ్చాడు. నీలమ్మ ఆపలేదు.

అక్కడ ఎనిమిది రోజులు, ఆపైన తిరుమలగిరి సైనిక ఆస్పత్రిలో ఆరు వారాలు ఉన్నాడు. ఇంటికి తోలలేదు. కొన్నాళ్లపాటు తుపాకి పని లేకుండా స్టోర్స్‌లో వేశారు. మధ్యలో రెండుసార్లు తాగాడు, రెండుసార్లూ తనే వెళ్లి డాక్టరుకు చెప్పాడు. రాఘవేంద్ర వాళ్లమ్మకు ఫోను చేయాలని అనుకుంటున్నాడు. ఇంతవరకు చేయలేదు.

ప్రతి ఆదివారం నీలమ్మకు మాత్రం చేస్తాడు. ఎత్తగానే ఆమె మొదట అడిగేది ఒకటే.

"మళ్ల అనిపించిందా?"

"ప్రతి వారం గదే అడుగుతవేంది పెద్దమ్మా."

"చెప్పేదాక ఫోను పెట్టెయ్య నేను."

"మంగళవారం ఒక్కసారి అనిపించింది. సుబేదార్ సాబ్ దగ్గరికి పోయి కూసున్న. ఇప్పుడు లేదు."

"మంచి పని చేసినవ్. పొద్దుగాల ఏం తిన్నవ్?"

"పూరీ, ఆలుగడ్డ."

"ఎన్ని పూరీలు?"

"తొమ్మిది."

"తొమ్మిదా?" అంది నీలమ్మ. "నిన్నేమో గని బిడ్డా, ముందుగాల గన్ని పూరీలు ఒత్తే ఆ వంటాయన్ను చూపియ్యాలె డాక్టరుకు."