నాలుగో బోల్టు

మూడు బోల్టులు మర్యాదగానే ఊడివచ్చాయి. నాలుగోది మాత్రం మొండికేసి కూర్చుంది. అది ఊడితే తప్ప చెక్కపెట్టెలోంచి యాంప్లిఫయరు బయటికి రాదు. యాంప్లిఫయరు బయటికి వస్తే తప్ప నేనీ కొట్లోంచి బయటపడను.

రేపు పొద్దున వేరే ఊళ్ళో, రికార్డింగు స్టూడియోలో ఉద్యోగానికి చేరాలి. సాయంత్రం బండికి టిక్కెట్టుంది. సర్దిన బ్యాగు గుమ్మం పక్కనే ఉంది. "ఈ ఒక్కటీ చేసిపెట్టి వెళ్ళమ్మా" అన్నాడు అన్నయ్య. గాజు ట్యూబుల పాత గిటారు యాంప్లిఫయర్లు బాగుచేయడం నాకు నేర్పింది ఆయనే. కాదనలేకపోయాను. ఇలా కాదనలేకే ఇన్నాళ్ళూ ఇక్కడ పడి ఉన్నాను.

నూనె వేశాను. తట్టాను. తిట్టాను. బోల్టు ఉలకదు, పలకదు.

"తొందరపడకు. ఇవాళ కాకపోతే రేపొస్తుంది" అన్నాడు, నా మొహంలోకే చూస్తూ. ఈమధ్య నేనేం మాట్లాడినా అలా నా పెదాలకేసే చూస్తున్నాడు. పెద్దవాడయ్యాడు, ఇప్పటికి నా మాటకి విలువొచ్చింది కాబోలు అనుకునేదాన్ని.

"రేపా? రేపు నేనుండను!" అని అరిచి, కాలుతున్న సోల్డరింగు ఐరను బోల్టు తలకి ఆనించాను. కాసేపటికి వాసన గుప్పుమంది. తుప్పు వాసన కాదు, జిగురు వాసన. బోల్టు బుద్ధిగా తిరిగి చేతికొచ్చింది. దాని మర నిండా కొత్త జిగురు.

నాకు ఒళ్ళు మండిపోయింది. తీసుకెళ్ళి ఆయన ముందు పడేశాను.

"నన్నిలా కట్టి పడేస్తావా అన్నయ్యా?"

తల దించుకున్నాడు. "తప్పేనమ్మా. ఇంక ఆపను. మిగతాది నేను చూసుకుంటాలే, నువ్వెళ్ళి తయారవ్వు."

నేను స్నానం చేసి, బట్టలు మార్చుకుని, బ్యాగు భుజాన వేసుకునేసరికి ఆయన పాడైన కెపాసిటరు తీసేసి కొత్తది అతికించాడు. స్విచ్చి వేశాడు. ట్యూబులు వెలిగాయి. పోవాల్సిన హోరు స్పీకరులోంచి వస్తూనే ఉంది, వీధిలోకి వినబడేంత హోరు.

అన్నయ్య వంగి స్పీకరుకి చెవి ఆనించాడు. మొహం విప్పారింది.

"చూశావా? చడీచప్పుడూ లేదు. నువ్వు లేకపోయినా నాకు చాతనవుతుంది. ఇక బయల్దేరు తల్లీ, బండి తప్పిపోతుంది."

ప్రతి యాంప్లిఫయరుకీ ఆఖరి పరీక్ష నాకే వదిలేసేవాడు, నీవి కుర్ర చెవులని వేళాకోళమాడుతూ. ఆయనకి ఎన్నాళ్ళుగా వినబడటం లేదో!

వెనక నుంచి చెయ్యి చాచి ప్లగ్గు పీకేశాను. హోరు ఆగిపోయింది. ఆయన అలాగే చెవి ఆనించి, నవ్వుతూ, ఇంకా వింటున్నాడు.

బ్యాగు దించాను. ఆయన మీద అంత కోపం నాకు జన్మలో రాలేదు.