నూట ఇరవై చుట్ల పాట

మోటారు వైండింగు షాపుల్లో చుట్లు లెక్కపెట్టడానికి ఎవరి పద్ధతి వాళ్ళది. కొందరు వేళ్ళు మడుస్తారు, కొందరు గోడమీద సుద్దతో గీతలు గీస్తారు. పిచిక వాళ్ళ నాన్న పాడతాడు. కాలిపోయిన మోటారులోంచి పాత తీగ పీకేసి, పిడి తిప్పుతూ కొత్త రాగి తీగని కాయిలుగా చుట్టేటప్పుడు లైనుకి ఎనిమిది చుట్లు. పాట అయిందంటే కాయిలు అయినట్టే. ముప్ఫయ్యేళ్ళలో ఒక్క చుట్టు తేడా వచ్చిందంటే ఒట్టు.

చిన్న మోటార్లకి మూడు సినిమా పాటలుండేవి. పెద్ద మోటారుకి మాత్రం పిచిక వాళ్ళమ్మ కట్టిన పాట. అది ఏ సినిమాలోనూ లేదు, ఎవరూ రికార్డు చేసిందీ కాదు. పసిపిల్లని ఒళ్ళో వేసుకుని ఆ షాపులోనే, ఆ బల్ల పక్కనే కూర్చుని ఆవిడ అల్లుకున్న పాట. మొత్తం పదిహేను లైన్లు. పద్నాలుగో లైనులో "మా పిచిక ఎక్కడే?" అని వెతుకుతుంది. పదిహేనోది పిచిక పాడాలి: "ఇదిగో, ఇక్కడే ఉన్నా!" అమ్మ పోయి పదకొండేళ్ళయినా ఆ ఏర్పాటు మారలేదు. నాన్న పద్నాలుగో లైను దగ్గర ఆగుతాడు, కూతురు అందుకుంటుంది, ఆఖరి ఎనిమిది చుట్లూ పూర్తవగానే ఆమే తీగ కత్తిరిస్తుంది. ఇరవై ఎనిమిదేళ్ళ మనిషి ఇలా పిల్లలా పాడటమేమిటని నవ్వేవాళ్ళు నవ్వారు. వాళ్ళ ఏడుపు వాళ్ళది.

ఇలా ఉండగా నాన్న గొంతులో చిన్న కాయ తీశారు. మూడు నెలలు నోరు మెదపొద్దు, గుసగుస కూడా వద్దన్నాడు డాక్టరు. పెద్దాయన పలకా సుద్దా పట్టుకుని కూర్చున్నాడు.

"మనసులో పాడుకోవచ్చుగా నాన్నా?"

"చెయ్యి ఆగిపోతోందే" అని రాసి చూపించాడు, కళ్ళనీళ్ళు తిరుగుతుంటే.

పొద్దంతా పక్కన కూర్చుని తను పాడాలంటే మిగతా పని సాగదు. ఫోనులో పాట పెట్టి చూసింది. మధ్యలో తలనొప్పి మందు ప్రకటన వచ్చింది. ఆయన దానికి కూడా పదహారు చుట్లు చుట్టేశాడు. ఆ కాయిలు విప్పి మళ్ళీ చుట్టేసరికి ఇద్దరికీ తలప్రాణం తోకకొచ్చింది.

దాంతో పిచిక విడిగా ఒక పాటల ప్లేయరు కొనాలని బజారుకెళ్ళింది. బస్టాండు వెనక సందులో ఒక ఇరుకు దుకాణం. గల్లా దగ్గర కళ్ళజోడు పెట్టుకున్న ఒకాయన. అద్దంలా మెరిసేవి నాలుగు చూపించాడు. వార్నిష్ అంటిన వేళ్ళతో అద్దాన్ని ఏం తాకుతాం? అగ్గిపెట్టెంత ఉండి, గట్టి బటన్లున్నది ఏరుకుంది. నెట్టు లేదు, ఫోన్లు రావు, ప్రకటనలు రావు.

"మరి పాటలెలాగండీ?"

"రెండు దారులమ్మా. ఒకటి అద్దె. నెలనెలా కడుతున్నన్నాళ్ళూ వినొచ్చు, మానేస్తే ఒక్కటీ మిగలదు. నెట్టు లేంది కాబట్టి దీనికది కుదరదు. రెండోది కొనుక్కోడం. ఒక్కో పాటా కొని, కంప్యూటర్లోంచి ఎక్కించుకోవాలి." ఒక చీటీ మీద వెబ్‌సైటు పేరు రాసిచ్చాడు. "కొంటే మీదే. మీ ఒక్కరిదే."

"ఇంకెవరికీ ఉండదా ఏంటి?" అని నవ్వింది పిచిక. ఆయన నవ్వలేదు.

ఆ సైటులో మూడు సినిమా పాటలూ దొరికాయి. ఒక్కోదాని కింద 'ఒక్కటే ఉంది' అని రాసుంది. అమ్ముకునేవాళ్ళ కాకమ్మ కబుర్లు అనుకుని కొనేసింది. ప్లేయర్లోకి ఎక్కించి నాన్న చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టింది.

మొదటి కాయిలే తప్పింది. ఎక్కడ ఆపాలో తెలియక పిడి తడబడింది. నాన్న పలక మీద రాశాడు: "కొత్త పాటా? బాగుందే."

వేళాకోళం అనుకుంది. మొహంలోకి చూస్తే వేళాకోళం లేదు. పక్క షాపు వడ్రంగి దగ్గరికి పరిగెత్తింది. చెవులు చిల్లులు పడేలా పొద్దస్తమానం ఆ పాటే ఈలవేసే మనిషి. పిచిక ఒక లైను పాడి వినిపించింది.

"భలే ఉందమ్మా. నువ్వే కట్టావా?"

ఫోనులో వెతికింది. ఆ పాట లేదు, ఆ పేరుతో ఏ పాటా లేదు. సినిమా ఉంది, అందులో ఒక పాట తక్కువుంది. ఉన్నపళంగా దుకాణానికి వెళ్ళి, "మీ పాటలు మీరు తీసుకోండి బాబూ" అంది.

"అమ్మింది వెనక్కి తీసుకోమమ్మా. కావాలంటే ఎవరికైనా బహుమతిగా పంపుకోండి. పంపితే మీ దగ్గరుండదు మరి" అన్నాడు, కళ్ళజోడు తుడుచుకుంటూ.

షాపుకొచ్చి నాన్న పేరు మీద ఖాతా తెరిచి మూడూ పంపేసింది. నొక్కిన మరుక్షణం బుర్రలో ఏదో ఖాళీ అయింది. ఊడిన పన్ను చోట నాలుక తడుముకున్నట్టు తడుముకుంది, ఏమీ తగల్లేదు. అటు నాన్న తల ఊపుతూ పిడి తిప్పుతున్నాడు. "మన పాత పాటలేగా!" అని రాశాడు. ఆమె ఒక ఇయర్‌ఫోను చెవిలో పెట్టుకుని వింది. ఎవరివో ఏమో. పోతే పోనీ, నాన్న చెయ్యి నిలబడింది, అంతే చాలనుకుంది.

సైటు మూసేయబోతుంటే అడుగున కనిపించింది, 'మీకు నచ్చవచ్చు' అని. పేరు 'పిచిక పాట'.

నమూనా నొక్కింది. అమ్మ గొంతు. వెనకాల ఈ పిడి కిర్రుమంటున్న చప్పుడు, ఒక చంటిపిల్ల కిలకిల. ఎవరూ రికార్డు చేయని పాట, ఎవరూ వినని ఇంటి పాట, మిగతావాటి పక్కనే అమ్మకానికి కూర్చుంది. కింద 'ఒక్కటే ఉంది. ఇద్దరు చూస్తున్నారు' అని రాసుంది.

చూస్తుండగానే ఇద్దరు కాస్తా ఐదుగురయ్యారు.

వదిలేస్తే ఎవడో ఊరూపేరూ లేనివాడు కొనుక్కుపోతాడు, తండ్రికీ కూతురికీ ఇద్దరికీ అమ్మ పాట పోతుంది. తను కొనుక్కుంటే నాన్నకి పోతుంది. ఆయనకి భార్య మిగిలింది ఆ పదిహేను లైన్లలోనే. తొమ్మిదిమంది చూస్తున్నారు.

ఒక్కసారి గొంతెత్తి పాట మొత్తం పాడుకుంది. "ఇదిగో, ఇక్కడే ఉన్నా!" అనేసరికి బల్ల దగ్గర్నుంచి నాన్న చెయ్యెత్తి ఊపాడు. ఏడుపొచ్చింది ఆమెకి, బాగా ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని ఆలోచించింది. నాన్న పేరు మీద కొంటే తనకే పోతుంది, రేపు ఈ పాట వినగానే తను 'ఎవరిది నాన్నా ఇది?' అని అడుగుతుంది. ఆ మాట వింటే ఆయన తట్టుకోలేడు. అందుకని ఒక చీటీ రాసి, పెద్ద కాయిలు చుట్టేటప్పుడు తను కత్తెరతో నిలబడే చోట, పక్క గోడకి అంటించింది. అప్పుడు నాన్న ఖాతాలోకి వెళ్ళి, కొను అని నొక్కింది.

మూడు నెలలయ్యాయి, ఈలోగా పెద్ద మోటారు ఒక్కటీ రాలేదు. డాక్టరు సరేనన్నాడు. ఆ మర్నాడే పంపు మోటారొకటి వచ్చింది, పెద్దది. నాన్న ప్లేయరుని సొరుగులో పడేశాడు.

"ఇక దీంతో పనేంటే! నా గొంతు నాకొచ్చింది" అని పిడి అందుకుని పాడటం మొదలుపెట్టాడు.

పిచిక ఆయన వెనక కత్తెర పట్టుకుని నిలబడింది. పాట బాగుంది. ఎప్పుడూ విన్నది కాదు. మధ్యలో తన ముద్దుపేరు వస్తుంటే ఆశ్చర్యమేసింది, ఎవరిదని అడగబోయింది. పక్క గోడమీద చీటీ ఉంది. ఎందుకు రాసుకుందో గుర్తులేదు గానీ, అక్షరాలు మాత్రం తనవే: 'నాన్న పాడుతుంటే నోరెత్తకు. ఏం జరిగినా సరే.'

నోరు మూసుకుంది.

"మా పిచిక ఎక్కడే?" అని పాడి నాన్న ఆగాడు. పిడి ఆగింది. నూట పన్నెండు చుట్లయ్యాయి. ఆయన వెనక్కి తిరక్కుండా, నవ్వు మొహంతో, తీగ బిగించి పట్టుకుని ఎదురుచూశాడు.

ఏ చప్పుడూ లేదు.

"మా పిచిక ఎక్కడే?" ఈసారి గొంతు కాస్త తగ్గింది.

వడ్రంగి షాపులో రంపం ఆగింది. మూడోసారి అడిగేటప్పటికి పెద్దాయన గొంతులో వణుకొచ్చింది. ఆయన వీపుకి జానెడు దూరంలో పిచిక, గోడమీది చీటీ మరోసారి చదువుకుని, పెదాలు ఇంకా గట్టిగా బిగించింది.