శాంసన్ కట్టిన పాట

ఆళ్లగడ్డ నాలుగు రోడ్ల కూడలిలో అరటిపళ్లు బేరమాడుతున్న ప్రభాకర్ మాస్టారికి, మైకు ఆటోలోంచి ఆ పాట వినబడగానే అరికాలి మంట నెత్తికెక్కింది. పదో తరగతి పరీక్షల డ్యూటీకి డోన్ వెళ్లి ఆ పొద్దే ఊళ్లో దిగాడు. మైకులో ఎవరో గొంతు చించుకుంటున్నారు. ‘ఒక చీరకు ఒక చీర ఉచితం! నంద్యాలలో మన విజయభాస్కర్ చీరల దుకాణం! ఆలసించిన ఆశాభంగం!’ ఆ అరుపుల వెనక మోగుతున్నది శాంసన్ పాట. శాంసన్ పోయి ఏడేళ్లయింది.

నంద్యాలలో చదువుకునే రోజుల్లో ముగ్గురూ కలిసి బ్యాండు పెట్టారు. బ్యాండంటే పెద్ద బ్యాండేం కాదు. ప్రభాకర్ కీబోర్డు, శాంసన్ గిటారు, విజయభాస్కర్ గొంతు. క్రిస్మస్‌కు చర్చిలో వాళ్లే, చవితికి వినాయకుడి పందిట్లోనూ వాళ్లే. అంగడి వదిలేసి ఏసు పాటలు పాడతావేందిరా అని తండ్రి మహానందయ్య తిడితే, “గణపతి పాటకు గిటారు కొట్టేది ఎవురనుకుంటాండావ్ నాయనా?” అని ఆయన నోరు మూయించేవాడు విజయభాస్కర్. ఆ ఒక్క మాటకే వాణ్ణి ప్రాణంగా చూసుకున్నాడు ప్రభాకర్. ఇప్పుడు అది గుర్తొచ్చినా ఒళ్లు మండుతోంది.

వాళ్ల సొంత పాట ఒక్కటే. భార్య రెబెకా కడుపుతో ఉన్నప్పుడు, పుట్టబోయే బిడ్డ కోసం శాంసన్ కట్టాడు. దానికి మాటలు లేవు. బిడ్డకు పేరు పెట్టాక రాస్తానన్నాడు. పేరు పెట్టేదాకా కామెర్లు వాణ్ణి ఉండనివ్వలేదు. వాణ్ణి పూడ్చిన రోజు వాడి గిటారు మీద ప్రభాకర్ ఆ పాట వాయించాడు, విజయభాస్కర్ ఏడుస్తూ గొంతు కలిపాడు. ఇక దీన్ని ఎక్కడా వాయించకూడదని అక్కడే అనుకున్నారు. ఈస్టరు తెల్లవారుజామున అందరూ పూలు పట్టుకుని సమాధుల దగ్గరికి వస్తారు కదా, బిడ్డకు ఊహ తెలిశాక అలాంటి ఒక ఈస్టరుకు నాయన పక్కన నిలబెట్టి మొదటిసారి వినిపించాలి. ఆ బిడ్డ ప్రవళికకు ఇప్పుడు ఏడేళ్లు. ఆ ఈస్టరు రేపే.

అరటిపళ్లు అక్కడే వదిలేసి నంద్యాల బస్సెక్కాడు.

“రారా ప్రభా! టీ చెప్పమంటావా?” అన్నాడు విజయభాస్కర్ గల్లాపెట్టె వెనక నుంచి.

“ఎవుర్నడిగి పెట్టినావ్‌రా ఆ పాట?”

“ఎవుర్నడగాల? వాడు వాయించినప్పుడు నా ఫోన్లోనే గదా పట్టుకునింటి. వారం బట్టి ఊరంతా వింటాంది. శాంసన్ గాడుంటే ఎంత మురిసిపోయేటోడో!”

“వాడుంటే నీ పండ్లు రాలగొట్టేటోడు. రేపు ఏందో గ్యాపకముందా నీకు?”

విజయభాస్కర్ మొహం తెల్లబోయింది. నిజంగానే మరిచిపోయాడు. మరిచిపోయినవాడు కాళ్లమీద పడతాడేమోనని చూశాడు ప్రభాకర్. వాడు లేచి, అలమరలోంచి జరీ అంచు తెల్లచీర తీసి కవర్లో పెట్టాడు.

“రెబెకమ్మకు ఈస్టరు చీర. తీస్కపో. పాట ఎల్లుండి తీసేపిస్తాలే.”

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగే జాతి! ఆ కవరు వాడి మొహాన విసిరికొట్టి, కొనుగోలుదార్లంతా చూస్తుండగా నోటికొచ్చినట్టు తిట్టి బయటికొచ్చేశాడు. 

మరునాడు తెల్లవారుతుండగా, ఆళ్లగడ్డలో కొత్తగా సున్నం కొట్టిన శాంసన్ సమాధి దగ్గర రెబెకా కొవ్వొత్తులు వెలిగించింది. విజయభాస్కర్ రాలేదు. ప్రభాకర్ శాంసన్ గిటారు తీసి మొదటి వరస వాయించాడో లేదో, ప్రవళిక చప్పట్లు కొడుతూ గొంతెత్తింది.

“ఒక చీరకు ఒక చీర ఉచితం!”

రెబెకా మొహం అటు తిప్పుకుంది. ఆ పిల్లను ఏమని కోప్పడాలి? ప్రభాకర్ గిటారు పక్కన పెట్టాడు.

“కాదమ్మా. ఇది మీ నాయన పాట. మీ నాయనే కట్టినాడు.”

పిల్ల కళ్లు పెద్దవయ్యాయి. సమాధి వైపు గర్వంగా చూసింది.

“అయితే మా నాయన చీరలంగట్లో పని చేస్తాండెనా మామా?”