క్లారినెట్ బరువు మోసిన మేకు

చూడటానికి నేను ఒక చిన్న మరమేకును. టైటానియంతో చేసి, ఒంటినిండా సన్నని మరలు తీసి, చేత్తో ముట్టకూడదని గాజుగొట్టంలో పెట్టి మూశారు. అంత మడిగా పెరిగి, చివరికి చేరింది ఒక మనిషి నోట్లోకి.

ఆయన పేరు దేవసహాయం. తెనాలిలో పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయిస్తాడు. బండి జారి పడి పైవరసలో ముందుపన్ను పోగొట్టుకున్నాడు. క్లారినెట్ మూతిని ఆనించేది ఆ పన్నుకే. అది లేకపోయేసరికి పాటకు బదులు గాలి వస్తోంది.

"సీజన్లోపు పెట్టెయ్యండి మేడమ్‌గారూ. లేకపోతే మా మాస్టరు ఇంకొకణ్ణి చూసుకుంటాడు" అని పళ్ల డాక్టరు నఫీసాను బతిమాలాడు.

ఆవిడ ఎక్స్‌రే చూసి వెంటనే సరేననలేదు. "రేపు మీ క్లారినెట్ తీసుకురండి" అంది.

మర్నాడు ఆయన కుర్చీలో కూర్చుని ఊదుతుంటే, ఆవిడ చిగుళ్ల మీద వేలు పెట్టి చూసింది.

"ఊదినప్పుడల్లా ఇక్కడ ముందుకి తోస్తున్నారు. ముందువైపు ఎముక అప్పడంలా ఉంది. మేకు అటు వాలితే బరువంతా దానిమీదే పడి ఎముక అరిగిపోతుంది. అందుకని కాస్త లోపలికి, అంగిలివైపు గట్టి ఎముకలో దింపుతాను."

"పైకి పన్ను తిన్నగా కనబడితే చాలదాండీ?"

"కనబడేది పన్నే. మోసేది మాత్రం లోపలిది."

ఆ మాటకు గాజుగొట్టంలో నేను ఉబ్బిపోయాను.

ఆవిడ అన్నచోటే, అన్న వాలులోనే నన్ను బిగించి, వెలితి కనబడకుండా పైన ఒక తాత్కాలిక పన్ను తగిలించింది. ఎముక నన్ను పట్టుకునేదాకా క్లారినెట్ ముట్టొద్దని గట్టిగా చెప్పింది. ఇంటి శ్లాబు ఆరేదాకా మనుషులు దానిమీద బస్తా కూడా పెట్టరు. సొంత ఎముక దగ్గరకొచ్చేసరికి ఎక్కడలేని తొందర!

సీజను రానే వచ్చింది. బ్యాండు మాస్టరు ఏలియా క్లారినెట్‌కు కొత్త మనిషిని పెట్టి, దేవసహాయానికి తాళాలిచ్చి వెనక నడవమన్నాడు. ఒక ఊరేగింపులో కొత్తాయన పైస్థాయికి వెళ్లి తడబడ్డాడు. జనం ఈలలేశారు. మాస్టరు క్లారినెట్ లాక్కుని వెనక్కి పరిగెత్తుకొచ్చాడు.

"సహాయం, అందుకోరా! పరువు పోతంది!"

దేవసహాయం అందుకున్నాడు. పెదాల దాకా తెచ్చాడు. ఎముక నన్ను ఇంకా సగమే పట్టుకుంది. ఒక్క తోపు చాలు, నా పని అయిపోయినట్టే. క్లారినెట్ తిరిగి ఇచ్చేశాడు.

"ఊదను మాస్టారూ. ఎముక ఇంకా పట్టలేదు."

"ఎముకేంట్రా!" అని పక్కవాళ్లు పగలబడి నవ్వారు. ఆయన కళ్లు తుడుచుకుని వీధి చివరిదాకా తాళాలు వేస్తూ నడిచాడు.

ఆ నడక నాకు ప్రాణం పోసింది. ఎముక నా మరల్లోకి పెరిగి నన్ను తనలో కలుపుకుంది. నామీద శాశ్వతమైన పన్ను ఎక్కింది. ఆ తర్వాత వాయించిన మొదటి పెళ్లిలో ఆయన పైస్థాయి అందుకున్న క్షణాన ఆ ఒత్తిడి నామీదికి వచ్చింది. దాన్ని నా ఒంటి పొడుగునా పరిచి గట్టి ఎముకకు అప్పగించాను. వెంట్రుకవాసి కదల్లేదు. ఏలియా వెనక్కి తిరిగి చూసి, ఆయన్ని ముందు వరసలోకి లాగాడు.

చాన్నాళ్లకు నఫీసా మళ్లీ ఎక్స్‌రే తీసింది. నా చుట్టూ ఎముక చెక్కుచెదరలేదు.

"పెట్టిన పన్ను ఇబ్బందేమన్నా పెడుతోందా?" అని అడిగింది.

దేవసహాయం ఒక పన్ను మీద వేలితో కొట్టి చూపించాడు. "రాయిలా ఉందండీ."

"అది మీ సొంత పన్నండీ" అని ఆవిడ నవ్వేసింది.

పక్కదానికి దక్కిన ఆ మెచ్చుకోలు విని నేను పొంగిపోయాను.