ప్రూఫుల మాస్టారు మళ్లీ చదివిన రోజు

మధ్యాహ్నం భోజనాలయ్యాక గ్రంథాలయం మెట్ల మీద కర్ర చప్పుడు వినిపించిందంటే ప్రూఫుల మాస్టారు వస్తున్నారన్నమాట. ఒకప్పుడు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవారు. ఒక్క కామా తప్పిపోయినా అక్షరాలు పేర్చే కంపోజిటర్ల ప్రాణం తోడేసేవారని పేరు. చూపు పోయింది గానీ ఆ పేరు పోలేదు. ఏడేళ్లుగా లైబ్రేరియన్ రోజూ కాసేపు ఆయనకు పుస్తకం చదివి వినిపిస్తోంది. అది ఆమె ఉద్యోగంలో భాగమేమీ కాదు. అయినా ఆయన రాని రోజు ఆమెకు తిన్నది అరిగేది కాదు.

అలాంటిది, ఒక ఉదయం ప్రధాన కార్యాలయం నుంచి ఒక యంత్రం వచ్చింది. దాని వెంట జలుబుతో ముక్కు తుడుచుకుంటూ ఒక టెక్నీషియన్ వచ్చాడు.

"దీని కింద ఏ పేజీ పెట్టినా చదివేస్తుందండీ. పుస్తకం లేకపోయినా ఫర్వాలేదు, పేరు చెబితే చాలు. ఆన్‌లైన్ గ్రంథాలయంలోంచి క్షణంలో తెచ్చుకుని చదువుతుంది. లక్షల పుస్తకాలున్నాయి."

ఆమె తన బీరువాల వైపు చూసింది. వాటిలో తన చేత్తో దుమ్ము దులపని పుస్తకం ఒక్కటీ లేదు. 'మరి ఇక నేనెందుకిక్కడ?' అనబోయి, "టీ తాగుతారా?" అంది.

ఆ సాయంత్రం ఇంట్లో భర్త పకపకా నవ్వాడు. "యంత్రాన్ని చూసి కుళ్లుకునే మనిషిని నిన్నే చూశాను."

"కుళ్లు కాదండీ. చదివి చదివి గొంతు ఎండిపోతే నేను ఆగి మంచినీళ్లు తాగుతాను. దానికి దాహమే వెయ్యదు. అదేం చదువు?"

"దాహం వెయ్యకపోతే మంచిదేగా, గ్లాసు కడిగే పని తప్పుతుంది."

మర్నాడు ఆమె యంత్రం మీద గుడ్డ కప్పింది, దుమ్ము పడుతుందని తనకు తానే చెప్పుకుంది. అలా కొన్నాళ్లు గడిచాయి. ఒకరోజు చదువుతుండగా మాస్టారు చెయ్యెత్తి ఆపారు.

"సన్నగా ఏదో గుయ్యిమంటోందమ్మా. ఫ్యాను కాదు. ఏమిటది?"

ఆయన చెవుల దగ్గర దొంగతనం సాగదు. ఆమె ఉన్న విషయం చెప్పేసింది.

"ఏదీ, చూద్దాం" అన్నారాయన.

గుడ్డ తీసి, తాను చదువుతున్న నవలనే దాని కింద పెట్టింది. అరక్షణం గడిచిందో లేదో, తాను ఆపిన పేజీ నుంచే ఓ గొంతు చదవడం మొదలుపెట్టింది. తడబాటు లేదు, తొందర లేదు. ఆమెకు ఒళ్లు జలదరించింది. ఏ అమ్మ ఒడిలోనూ కూర్చోకుండా, ఏ పంతులి చేతా బెత్తం దెబ్బలు తినకుండా దీనికి చదువెలా వచ్చింది? ఆమె పేజీ తర్వాత పేజీ తిప్పుతూ పోయింది.

"ఆపు, ఆపు! ఆ వాక్యం మళ్లీ చదివించు!" అన్నారు మాస్టారు ఉన్నట్టుండి.

"అతను మెల్లగా తలుపు తిని లోపలికి వచ్చాడు" అని చదివింది యంత్రం, అంతే గంభీరంగా.

"తలుపు తిన్నాడా!" మాస్టారు కడుపు పట్టుకుని నవ్వారు. "అచ్చుతప్పమ్మా! ఎన్నేళ్లయింది ఒక్క అచ్చుతప్పు తగిలి! నువ్వు చదివే పుస్తకాల్లో ఒక్కటీ ఉండదేం?"

"ఉంటాయి మాస్టారూ. మీ చెవిలో ముల్లులా గుచ్చుకుంటాయని నేనే దిద్దేసి చదివేదాన్ని."

ఆయన కుడిచెయ్యి బల్ల మీద కదిలింది. వేళ్ల మధ్య పెన్సిల్ ఉన్నట్టే, ఆ మాటను కొట్టేసి, అంచున ఏదో గుర్తు పెట్టారు.

"నువ్వు చదివితే కథ కనిపించేదమ్మా. ఇవాళ కాగితం కనిపించింది" అన్నారు.

ఆ తర్వాత పుస్తకం పేరు ఎలా చెప్పాలో, ఏ బొత్తాం నొక్కాలో ఆమే నేర్పింది. ఇయర్‌ఫోన్లు ఆయన చెవులకు తగిలించింది. ఆయన కాస్త నసిగి, "అమ్మాయ్, ఏమీ అనుకోకు, నువ్వు కాసేపు అటు వెళ్తావా?" అన్నారు.

మనసు చివుక్కుమంది. బీరువాల వెనక్కి వెళ్లి, సర్దిన పుస్తకాలనే మళ్లీ సర్దసాగింది. మాస్టారు యంత్రానికి ఏదో పేరు గుసగుసగా చెప్పడం సందులోంచి కనిపించింది. కాసేపటికి ఆయన ముసిముసిగా నవ్వుకున్నారు. చెంపలు ఎర్రబడ్డాయి. తర్వాత కదలిక లేకుండా ఉండిపోయారు.

ఇన్నేళ్లలో ఆయన ఎక్కడ నవ్వుతారో ఆమెకు ముందే తెలిసేది. ఇప్పుడు ఏ దూరాన ఉన్న పుస్తకమో గాల్లో తేలివచ్చి ఆయన చెవిలో ఏం చెబుతోందో ఆమెకు తెలియదు. పుస్తకంలో మునిగిన మొహాలు ఆమె ఆ గదిలో రోజూ చూసేవే. పక్కన ఎవరు కూర్చున్నా, పుస్తకమూ తామూ తప్ప మూడో మనిషి లేనట్టుండే మొహాలు. మాస్టారికి ఆ ఏకాంతం లేదన్న సంగతి ఆమెకు ఒక్కనాడూ తట్టలేదు. ఆ పెట్టెకు చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

ఆయన వెళ్లిపోయాక, విన్న పుస్తకాల పేర్లన్నీ యంత్రంలో ఎక్కడ కనిపిస్తాయో టెక్నీషియన్ చెప్పింది గుర్తొచ్చింది. వేలు అక్కడిదాకా వెళ్లింది. తాను చూడగలిగితే ఇంకెవరైనా చూడగలరు. చూడకుండానే అన్నీ చెరిపేసింది. అప్పటినుంచి రోజూ చెరుపుతూనే ఉంది.

మొదట్లో ఆ మధ్యాహ్నాలు ఆమెకు చేతులు కట్టేసినట్టుండేవి. ఒకనాడు మాస్టారు ఇయర్‌ఫోన్లు పీకేసి, ఆమె ఎక్కడుందో అడుగుల చప్పుడును బట్టి కనిపెట్టి పిలిచారు.

"అమ్మాయ్! తిమింగలాలు పాడతాయట, తెలుసా? ఆ పాట నీళ్లలో పడి వందల మైళ్లు వెళ్తుందట!"

ఆమెకు తెలియదు. ఆ పుస్తకం వాళ్ల బీరువాల్లో లేదు. వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది.

"అంత దూరమా? ఎవరి కోసం పాడతాయట?"

"అదే చెబుతున్నా విను..."

కౌంటరు దగ్గర ఎవరో పుస్తకం పట్టుకుని దగ్గారు. "ఒక్క నిమిషమండీ" అంది ఆమె, అటు తిరక్కుండానే.