తొలి రోగి

ఉదయం తొమ్మిదిన్నరకి, ఎవరినీ అడక్కుండా, నర్సు శారోన్ డ్రెస్సింగు కత్తెరతో కొత్త వార్డు తలుపుకి కట్టిన ఎర్ర రిబ్బను కత్తిరించేసింది.

ప్రభుత్వాసుపత్రిలో కొత్త గుండె వార్డుకి ప్రారంభోత్సవం పదకొండింటికి. మంత్రిగారు రావాలి, మిషన్లు దానమిచ్చిన రొయ్యల కంపెనీ యజమాని రావాలి. ఓడలరేవు నుంచి ఆటోలో తెచ్చిన గంగాధర్ అంతసేపు ఆగేలా లేడు. వల లాగుతూ పడవలోనే ఛాతీ పట్టుకుని కూలిపోయాడట. నలభై ఆరేళ్ల మనిషి. ఒళ్లంతా చెమట, పెదవులు బూడిదరంగు.

పాత వార్డులో ఈసీజీ మిషను పాడై ఏడాది దాటింది. కొత్తవన్నీ వారం రోజులుగా ఈ గదిలో ప్లాస్టిక్ కవర్లు కప్పుకుని ఉన్నాయి. డ్యూటీ డాక్టరు ఈసీజీ చూసి, రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షను ఎక్కించాడు.

"గండం ఇంకా గడవలేదు సిస్టర్. కాకినాడ పంపడానికి అంబులెన్సు వచ్చేదాకా ఈ మానిటరు తెర మీంచి చూపు తిప్పకండి. గుండె లయ తప్పిందంటే షాకివ్వడానికి నిమిషం కూడా ఉండదు" అని చెప్పి, క్యాజువాల్టీలో ఇంకో కేసుకి పరిగెత్తాడు.

గంగాధర్ భార్య లక్ష్మీతులసి మంచం చివర నిలబడింది. మిషన్లిచ్చిన ఆ కంపెనీ షెడ్డులోనే రొయ్యలు ఒలుస్తుండగా కబురొస్తే, తడి చీరతోనే వచ్చింది. తెర మీద పచ్చగీత ఎగిరినప్పుడల్లా ఊపిరి పీల్చుకుంటోంది. ఒకసారి ఆ గీత చిక్కుపడ్డ దారంలా గజిబిజి అయిపోయి, గంట మోగింది. శారోన్ ఒక్క ఉదుటున లేచి షాకు మిషను మీద చెయ్యి వేసింది. గీత మళ్లీ సర్దుకుంది.

"ఏంటండది?"

"ఏం లేదమ్మా" అంది శారోన్. చెయ్యి మాత్రం షాకు మిషను మీంచి తియ్యలేదు.

పదింబావుకి కంపెనీ మేనేజరు గోవిందరాజులు వచ్చాడు. వెనకాల తెల్లచొక్కా వేసుకున్న ఒక ముసలాయన. ఫొటోల కోసం మంచం మీద పడుకోబెట్టడానికి తెచ్చిన ఉత్తుత్తి రోగి ఆయన. తెగిన రిబ్బనునీ, నేలమీద వాంతినీ చూసి మేనేజరు మొహం మాడిపోయింది.

"తెరవమని ఎవరు చెప్పేరమ్మా? ఓ గంటసేపు ఇతన్ని పాత వార్డుకి మార్చండి. అయిపోగానే మళ్లీ తెచ్చుకుందురుగాని."

"వైర్లు తీస్తే ప్రమాదమండి. డాక్టరుగారు..."

"సూపరింటెండెంటు గారు సరేనన్నేరు. కెమెరాల ముందు ఇతనికేదన్నా అయితే మా కంపెనీ ట్రస్టు పేరేం కావాలి? అన్నట్టు, నీది కాంట్రాక్టు ఉద్యోగం కదూ? మార్చితో అయిపోతుందనుకుంటా."

శారోన్‌కి ఇద్దరు ఆడపిల్లలు. ఆ జీతం మీదే ఇల్లు నడుస్తోంది. షాకు మిషను మీంచి ఆమె చెయ్యి మెల్లగా జారింది.

గోవిందరాజులు అప్పుడు లక్ష్మీతులసిని గుర్తుపట్టాడు. గొంతు మెత్తబడింది. "మన షెడ్డు మనిషివే కదా? అయ్యగారు నిన్ను వదిలేస్తారా? అన్నీ చూసుకుంటారు. మార్చమని నువ్వే చెప్పు సిస్టరుకి."

పదకొండేళ్లుగా ఆ గొంతుకి ఆమె తల వంచుకునే జవాబు చెప్పింది. ఐసులో వేళ్లు చచ్చుబడ్డా, జ్వరమొచ్చిన రోజు కూలి పోయినా, 'ఆయ్, అలాగేనండి' అనడమే తెలుసు. ఇప్పుడు తలెత్తింది.

"ఈ మిషన్లు కొనాలని మొన్న దీపావళికి మా ఆడోళ్లందరి కూలిలోనూ రెండేసి రోజులు కోసేరు కదండి."

"అది వేరే సంగతి."

"తిరిగిమ్మని అడగట్లేదండి. ఆయన్ని మాత్రం కదపనియ్యనండి."

"రేపట్నించి పనిలోకి రావాలా వద్దా నువ్వు?"

లక్ష్మీతులసి మంచం ఎక్కి మొగుడి పక్కన కూర్చుని, వైర్లు అంటించిన అతని ఛాతీకి రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"సిస్టరుగారండీ, మీరు తెర చూడండి."

శారోన్ మేనేజరు వైపు వీపు పెట్టి, తెర వైపు తిరిగింది.

బయట రోడ్డు మీద సైరన్ వినిపించింది. అది అంబులెన్సుదో, మంత్రిగారి కాన్వాయిదో గదిలో ఎవరికీ తెలియలేదు.