రాయి పెట్టిన కుప్ప

నేను ఒక కొలత కర్రను. పొడవు రెండు మీటర్లు. ఒంటినిండా ఒక ఎర్ర పట్టీ, ఒక తెల్ల పట్టీ, మళ్ళీ ఎరుపు, మళ్ళీ తెలుపు, అలా మొత్తం పది. ఇప్పుడు ఎనిమిదే ఉన్నాయి. మిగతా రెండూ ఎలా పోయాయో చెబుతాను, వినండి.

జామాయిల్ తోటల మధ్య ఒక ప్లాంటేషన్ ఆఫీసు ఉంది. దాని వెనక రేకుల షెడ్డులో నేను పుట్టాను. కిటికీలు చేయగా మిగిలిన టేకు ముక్కను వడ్రంగి టీ పొయ్యిలో పెట్టబోయి, ఎవరో పిలిచి పని చెబితే ఆగి, చిత్రిక పట్టాడు. అంటే నేను మిగులు కట్టెనే. నన్ను చేయించింది కూడా మిగులు కట్టెను కొలవడానికే. ఇందులో వింత ఉందని అక్కడ ఎవరికీ తోచలేదు.

జామాయిల్ చెట్లు కొట్టి, తిన్నటి దుంగలన్నీ లారీలకెక్కాక, నేల మీద మండలు, కొసలు, వంకర మొద్దులు పడి ఉంటాయి. అది ఎంత ఉంటుందో పూర్వం వాచర్ దానేలు నడుముమీద చెయ్యి పెట్టుకుని ఒక చూపు చూసి చెప్పేవాడు. ఒకరోజు పట్నం నుంచి నీరజ అనే అమ్మాయి ట్యాబ్ పట్టుకుని వచ్చింది. కుప్పలో నన్ను నిలబెడుతుంది, నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీస్తుంది. నేను రెండు మీటర్లని ట్యాబ్‌కు ముందే చెప్పి ఉంచారు. నన్ను చూసి అది కుప్ప ఎత్తు, వెడల్పు కట్టి, ఇన్ని టన్నులని చెబుతుంది. లోకంలో దానికి ముందుగా తెలిసిన సంగతి నేనొక్కదాన్నే. కొన్నాళ్ళు నాకు గర్వంగానే ఉండేది.

ఆ తోట పక్క ఊరు మెట్టగూడెం. అక్కడి ఆడవాళ్ళు మిగిలిన మండలు ఏరి, తోటలోనే కుప్ప పెట్టి, పైన ఒక రాయి ఉంచుతారు. రాయి పెట్టారంటే ఆ కుప్ప ఒకరిదని అర్థం. అది ఎండేదాకా నెలల తరబడి అక్కడే ఉంటుంది. చెంబులు విసురుకుని మాటలు మానేసిన తోడికోడళ్ళు కూడా ఒకరి రాయి ఒకరు కదపరు.

అలాంటి ఒక కుప్ప తిరపతమ్మది. మండలు కావు, అన్నీ లావుపాటి మొద్దులు. చలికాలం నుంచి ఒక్కొక్కటే దొర్లించుకొచ్చి పేర్చింది. నన్ను ఆ కుప్పలో గుచ్చుతుంటే వచ్చి అడ్డం నిలబడింది.

"ఏం కొలుస్తున్నవమ్మాయ్?"

"మిగిలిన కట్టె ఎంత ఉందో చూస్తున్నామండీ. ఫొటో తీస్తే ఇదే చెబుతుంది."

"దాంట్ల అన్నీ కనపడతయ్యా?"

"అన్నీ కనపడతాయి."

"నా రాయి?"

"అదీ కనపడుతుందండీ."

"అట్లయితే రాయి పడేటట్టు మంచిగ తియ్యి. ఇది మా ఆయన కట్టె."

ఆయన పేరు కోటిలింగం. ముప్పై ఏళ్ళు ఈ తోటల్లోనే చెట్లు కొట్టాడు. ఇప్పుడు ఊపిరి ఆడక మంచం దిగడం లేదు. ఆయన తండ్రి ముసురు రోజుల్లో పోతే పచ్చి కట్టెల మీద పెట్టారట. చితి సరిగా అంటుకోక మూడు రోజులు పొగ వచ్చిందట. చిన్నప్పుడు చూసిన ఆ పొగను ఆయన మర్చిపోలేదు. "నన్ను మాత్రం పచ్చి కట్టె మీద పెట్టమాక" అని భార్య చేత ఒట్టు వేయించుకున్నాడు. ఈ సంగతులన్నీ ఆమె నీరజకు చెబుతుంటే నేను కుప్పలో నిలబడి విన్నాను.

దానేలు నవ్వాడు. "మొగుడు బతికుండంగనే కట్టెలు పేరుస్తివి, గట్టిదానివే అత్తా! మాకా బాధ లేదు. ఒక గొయ్యి చాలు."

"తవ్వేటోళ్ళు దొరకాలె గదరా! నీకు ఊళ్ళె అంత మంచిపేరుందా?"

నీరజ కూడా నవ్వింది. చెల్లాచెదురుగా ఉన్న మండలు ట్యాబ్‌కు సరిగా తెలియవని, కుప్పగా ఉంటేనే బాగా తెలుస్తుందని చెప్పింది. మంచి మనసుతోనే చెప్పింది. ఆ మాట ఊళ్ళోకి వెళ్ళేసరికి మరోలా మారింది. రాయితో సహా ఫొటో పడితే ఆ కుప్ప ఎవరిదో ఆఫీసులో రాసుకుంటారని అందరూ అనుకున్నారు. మర్నాడు పిల్లాపెద్దా తోటలో పడి, చిన్న పుల్ల కూడా వదలకుండా కుప్పలు పెట్టారు. పాతవాటితో కలిపి నలభై ఏడు. ప్రతి కుప్ప మీదా కడిగిన రాయి. ఆడవాళ్ళు మొహాలు కడుక్కుని వచ్చి పక్కన నిలబడ్డారు. "మనుషులు పడకూడదమ్మా, జరగండి" అంటే పాపం జరిగారు.

ఆ సాయంత్రం ఆఫీసు బల్ల మీద ట్యాబ్ లెక్క తేల్చింది. తెర మీద కట్టె అంతా పచ్చరంగులో కనిపించింది. కట్టె కానిది బూడిదరంగులోకి మారిపోయింది. తిరపతమ్మ రాయి బూడిదరంగు. నేనూ బూడిదరంగే. టేకు ముక్కనని చెప్పుకోవడానికి నాకు నోరు లేదు. నీరజ ఆ రాళ్ళను చాలాసేపు చూసి పై అధికారికి ఫోన్ చేసింది.

"సార్, కుప్పల మీద రాళ్ళున్నాయి. ఊరివాళ్ళు పెట్టుకున్నవి."

"రాయి బరువు లెక్కలోకి రాలేదు కదా?"

"రాలేదు సార్. అదే తీసేసింది."

"ఇంకేం మరి!"

ఆమె ఇంకేదో అనబోయింది. అవతల ఫోన్ పెట్టేశారు. తన ట్యాబ్ రాళ్ళను చూస్తుందని తిరపతమ్మకు చెప్పింది, అది అబద్ధం కాదు. చూసింది కాబట్టే తీసేసింది.

ఆషాఢంలో లారీలు వచ్చాయి. వెంట కట్టెను పొట్టుగా కొట్టే యంత్రం వచ్చింది. ఎక్కడో బాయిలర్లలో వేయడానికట. తోటంతా వెతకాల్సిన పని వాళ్ళకు లేకపోయింది. నలభై ఏడు కుప్పలూ మ్యాపులో చుక్కలుగా ఉన్నాయి. కూలీలు ప్రతి రాయినీ జాగ్రత్తగా తీసి పక్కన పెట్టారు. యంత్రంలో పడితే బ్లేడు విరుగుతుందని భయం.

తిరపతమ్మ చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చి తన కుప్ప మీద ఎక్కి కూర్చుంది.

"ఫొటోలో ఉన్న కుప్పమ్మా ఇది. దిగు," అన్నాడు లారీ వెంట వచ్చిన మేస్త్రి.

"ఫొటోలె నా రాయి గూడ ఉండె గద! అగో, ఆ కర్ర నడుగు. నా కుప్పలె నిలబడి ఇన్నది!"

నేను దానేలు భుజం మీద ఉన్నాను. అందరూ ఒకసారి నావైపు చూశారు. అంత ఇబ్బంది నాకు మళ్ళీ ఎన్నడూ కలగలేదు. దానేలు నన్ను నేల మీద పెట్టి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"దిగత్తా. నా నౌకరీ పోతది."

ఆమె వాడి మొహంలోకి చూసింది. తర్వాత దిగింది. చలికాలం నుంచి పేర్చినదాన్ని యంత్రం నమిలేయడానికి ఒక చుట్ట కాల్చేంత సేపు పట్టలేదు. ఆమె తన రాయిని ఎత్తి ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూర్చుంది. తర్వాత నెత్తిన పెట్టుకుని ఇంటికి నడిచింది.

కోటిలింగానికి ఎవరూ చెప్పలేదు. "కట్టె ఎండిందా?" అని ఆయన అడిగినప్పుడల్లా "గలగలలాడుతున్నది" అని ఆమె చెప్పేదట.

శ్రావణంలో, ఆరు రోజులు తెగని వానలో, ఆయన పోయాడు. అప్పటికి ఆఫీసుకు కొత్త ట్యాబ్ వచ్చింది. దానికి కర్రతో పని లేదు. నెల రోజులుగా నేను షెడ్డు మూలలో చీపుళ్ళ పక్కన ఉన్నాను. దానేలు విరిగిన బెంచీ ఒకటి, గొడ్డలి కామలు మూడు, నన్ను కలిపి మోపు కట్టి వల్లకాటికి మోశాడు. ఊళ్ళో ఆడవాళ్ళు ఇచ్చిన కట్టె అప్పటికే అక్కడుంది. అంతా కొత్తగా కొట్టిన మండలు, ఆకులు కూడా వాడలేదు. నన్ను కూడా పైన పెట్టబోతుంటే ఒక పెద్దాయన ఆపాడు. "పొడుగుంది, ఎగదొయ్యనీకి పనికొస్తది."

ఆ పగలంతా నేను నిప్పులో తల పెట్టి తీశాను. పచ్చి కట్టె చీదింది, నురగలు కక్కింది, పొగ వదిలింది. నా రంగు పొంగి పొరలుగా ఊడింది. మొదటి పట్టీ మధ్యాహ్నానికి పోయింది, రెండోది పొద్దుగూకేసరికి పోయింది. చితి మాత్రం పూర్తిగా అంటుకోలేదు.

దానేలు నన్ను పట్టుకుని ఆమె గుమ్మం ముందుకు వచ్చాడు. లోపలికి పోలేదు.

"మంచిగ కాలిండా?" అంది లోపలి నుంచి.

"మంచిగ కాలిండత్తా."

ఆమె బయటికి వచ్చింది. ఊరి చివర పొగ వానలో నేలబారుగా పాకుతోంది. దాన్ని చూసింది, నా నల్లబడిన కొసను చూసింది. దానేలు చేతిలోంచి నన్ను తీసుకుని, గోడవార తన రాయి పక్కన నిలబెట్టింది.

మెట్టగూడెంలో ఇప్పుడు ఎవరూ రాయి పెట్టడం లేదు. మండ నేల మీద పడీ పడకముందే పచ్చిగానే ఇళ్ళకు ఈడ్చుకుపోతున్నారు. మొన్న ఒక కొమ్మ కోసం ఇద్దరు జుట్లు పట్టుకున్నారు. నన్ను కుప్పలో గుచ్చి ఫొటో తీస్తే, పాత ట్యాబ్ నన్ను ఇంకా రెండు మీటర్లనే నమ్మి, ఉన్న కట్టె కంటే ఎక్కువ చూపిస్తుంది. కానీ నన్ను అడిగేవారు లేరు.

ఒక్కోసారి తిరపతమ్మ రాయి మీద కూర్చుని నన్ను దగ్గరికి లాక్కుంటుంది. కాలిన కొస మీద బొటనవేలు ఆనించి, చెయ్యి చాచి, గాలిలో ఒక జాన వేస్తుంది. ఆ పైన ఇంకో జాన. అక్కడ ఏమీ లేదు. అయినా ఆమె చిటికెనవేలు సరిగ్గా, నేను ఒకప్పుడు ఉన్న చోటే ఆగుతుంది.